పది రోజుల తప్పు, గచ్చు మీద జానెడు: మధ్యాహ్న రేఖ ప్రాజెక్టు డైరీ

ఇది దేని గురించి

రేకుల గది కప్పులో ఒక కన్నం. అందులోంచి పడే సూర్యుడి వెలుగు బిళ్ల మిట్టమధ్యాహ్నం నేల మీది ఒక గీతను దాటుతుంది. చలికాలంలో గీతకు ఒక కొస దగ్గర, ఎండాకాలంలో మరో కొస దగ్గర. ఎక్కడ దాటిందో మిల్లీమీటర్లలో కొలిస్తే, ఏడాదిలో ఆ రోజు ఎక్కడుందో చెప్పవచ్చు. ఉపకరణమంతా ఇంతే. కటకం లేదు, కరెంటు లేదు.

నేను నకలు తీస్తున్నది ఇటలీలోని బొలోనియా నగరంలో, సాన్ పెట్రోనియో చర్చి నేల మీద ఉన్న గీతను. 1655లో ఖగోళ శాస్త్రవేత్త జొవాన్ని డొమెనికో కస్సీని గీయించినది. అక్కడ కన్నం 27.07 మీటర్ల ఎత్తున ఉంది. గీత పొడవు 66.8 మీటర్లు. కన్నం వ్యాసం దాని ఎత్తులో సరిగ్గా వెయ్యో వంతు. నా గది విజయవాడలో ఒక మేడ మీద ఉంది (అక్షాంశం 16.52, రేఖాంశం 80.63 డిగ్రీలు). కన్నం ఎత్తు మూడు మీటర్ల చిల్లర.

కొలతలు వేసుకునే ముందే ఒక తేడా గమనించాలి. బొలోనియా 44.5 డిగ్రీల ఉత్తరాన ఉంది. అక్కడ సూర్యుడు ఏనాడూ నడినెత్తికి రాడు, బిళ్ల ఎప్పుడూ కన్నానికి ఉత్తరంగానే పడుతుంది. మనకు మే 6 ప్రాంతంలో నడినెత్తి దాటి ఉత్తరానికి వెళ్తాడు, ఆగస్టు 7 ప్రాంతంలో వెనక్కి వస్తాడు. ఆ మూడు నెలలూ బిళ్ల దక్షిణంగా పడుతుంది. అందుకని గీత, కన్నానికి నిట్టనిలువుగా కింద ఉన్న బిందువుకు (దీన్ని ‘పాదం’ అంటాను) రెండు వైపులా ఉండాలి. అదే చర్చిని కన్నంతో సహా తెచ్చి విజయవాడలో నిలబెడితే గీతకు 26 మీటర్లు చాలు: ఉత్తరాన 22.7, దక్షిణాన 3.3.

మొదటి దశ: కన్నం (28 సెప్టెంబరు – 10 అక్టోబరు 2024)

సెప్టెంబరు మొదటి వారం వరదకు కింది వాటా సామానంతా ఈ గదిలోకి చేరింది. అది మళ్లీ కిందికి దిగేసరికి శరద్విషువత్తు (సూర్యుడు భూమధ్యరేఖ మీదకు వచ్చే రోజు, సెప్టెంబరు 22) దాటిపోయింది.

1. అట్టముక్కల్లో వేర్వేరు కన్నాలు చేసి చూశాను. 8 మి.మీ. కన్నానికి బిళ్ల బాగా వెలిగింది కానీ అంచు మసక. 5కు కాస్త మేలు. 1 మి.మీ.కు అంచు కత్తిలా వస్తుందనుకున్నాను, రాలేదు. కన్నం మరీ చిన్నదైతే వెలుగు అక్కడే చెదురుతుంది, పైగా బిళ్ల కంటికి ఆనదు. 3 మి.మీ. దగ్గర ఆగాను. కస్సీని వెయ్యో వంతు లెక్క కూడా నా ఎత్తుకు ఇంచుమించు ఇదే చెబుతుంది.
2. పాత ఇత్తడి పళ్లెంలోంచి 1.2 మి.మీ. మందం ముక్క కోసి, 3 మి.మీ. బిట్టుతో కన్నం చేసి, అంచులు సన్నటి ఆకురాయితో నున్నగా చేశాను.
3. కప్పు రేకుకు కన్నం పొడిచి, ఇత్తడి ముక్కను ఎంసీల్‌తో అంటించాను.

ఈ మూడో పని చేయకండి. కన్నం నుంచి గుండు దారం వేలాడదీసి చూస్తే, ఉదయం 7 గంటలకు గుండు మొన ఉన్న చోటుకూ మధ్యాహ్నం ఒంటిగంటకు ఉన్న చోటుకూ 5 మి.మీ. తేడా. ఎండకు రేకు ఉబ్బుతుంది, సాయంత్రానికి చల్లబడి ముడుచుకుంటుంది. గాలి గట్టిగా వీస్తే దడదడలాడుతుంది. మిల్లీమీటర్లు కొలవాలనుకునే పనికి ఇలాంటి కప్పు పనికిరాదు.

మార్పు: రెండు గోడల మధ్య ఇనుప యాంగిల్ చట్రం బిగించి, ఇత్తడి ముక్కను దానికి బోల్టులతో పట్టించాను. దానికి 45 మి.మీ. పైన రేకులో 50 మి.మీ. గుండ్రటి రంధ్రం. ఇప్పుడు రేకు తన ఇష్టం వచ్చినట్టు కదలవచ్చు, కన్నం కదలదు. వాన రోజుల్లో రంధ్రానికి పెయింటు డబ్బా మూత.

ఖర్చు: బిట్లు 260, ఎంసీల్ 40, చట్రం, వెల్డింగు 1,850. మొత్తం రూ. 2,150.

ఒక హెచ్చరిక. కన్నంలోంచి సూర్యుణ్ణి చూడవద్దు. చూడాల్సింది నేల మీది బిళ్లనే. పిల్లలు తప్పకుండా పైకి చూస్తారు, ముందే చెప్పండి.

రెండో దశ: పాదం, ఎత్తు (11 – 13 అక్టోబరు)

తాపీ మేస్త్రీలు గోడ నిలువు చూసే గుండుకు నైలాన్ దారం కట్టి కన్నం నడిమి నుంచి దించాను. గుండు ఎంతసేపటికీ ఊగడం మానలేదు. బకెట్ నీళ్లలో ముంచితే రెండు నిమిషాల్లో నిలబడింది. బకెట్ అడ్డం వచ్చాక కింద గుర్తు ఎలా పెట్టాలి? రెండు వైపుల నుంచి మూలమట్టాలు నిలబెట్టి, దారాన్ని తాకే గీతలు నేల మీదకు దించి, అవి కలిసిన చోట పాదం గుర్తు పెట్టాను. మూడుసార్లు చేస్తే మూడు చుక్కలూ 1 మి.మీ. లోపల పడ్డాయి.

ఎత్తు మేస్త్రీ దగ్గరి ఫైబర్ టేపుతో కొలిచాను: 3,212 మి.మీ. ఈ వాక్యం గుర్తుంచుకోండి, జూలైలో దీని దగ్గరకు మళ్లీ వస్తాం.

ఖర్చు: గుండు 180, దారం 30. మొత్తం రూ. 2,360.

మూడో దశ: ఉత్తరం ఎటు (14 – 31 అక్టోబరు)

మొదటి ప్రయత్నం ఫోనులోని దిక్సూచి. పాదం నుంచి ఉత్తరానికి దారం లాగి, తెల్ల పెయింటుతో గీత గీశాను. పెయింటుతో. అంత నమ్మకం.

అక్టోబరు 15న పరీక్ష. ఫోను గడియారం చూపేది 82.5 డిగ్రీల రేఖాంశపు సమయం. మాకు అసలు మధ్యాహ్నం దాని కంటే 7 నిమిషాల 29 సెకన్లు ఆలస్యం. దానికి తోడు సూర్యుడు ఏడాది పొడవునా ఒకే వేగంతో నడవడు కాబట్టి రోజును బట్టి దిద్దుబాటు ఉంటుంది. దీన్ని కాల సమీకరణం అంటారు. అక్టోబరు 15కు దాని వల్ల మధ్యాహ్నం 14 నిమిషాల 10 సెకన్లు ముందే వస్తుంది. రెండూ కలిపితే మా ఇంటి మధ్యాహ్నం 11:53:19కు. నా తెల్ల గీతను బిళ్ల దాటింది 12:00:40కు. ఏడు నిమిషాలు ఆలస్యం. బిళ్ల నిమిషానికి 15 మి.మీ. నడుస్తుంది కాబట్టి గీత 11 సెం.మీ. తూర్పుకు తప్పింది. అంటే నాలుగు డిగ్రీల పైనే. శ్లాబులో ఇనుప కడ్డీలు, పైన ఇనుప చట్రం. దిక్సూచి పాపం వాటినే చూపించింది.

ఇక్కడ కాస్త ఊరట కలిగించే సంగతి ఒకటుంది. సాన్ పెట్రోనియోలో కస్సీని గీతకు ముందు మరో గీత ఉండేది. ఎగ్నాజియో డాంటి అనే డొమినికన్ సన్యాసి 1570లలో వేసినది. స్తంభాలు అడ్డం వస్తాయని అది నిజమైన ఉత్తర-దక్షిణ దిశ నుంచి పక్కకు ఒరిగి ఉండేది. తర్వాత చర్చిని పొడిగించేటప్పుడు కన్నం ఉన్న గోడనే కూల్చేశారు. కస్సీని మళ్లీ వేస్తానన్నప్పుడు స్తంభాల మధ్య నుంచి తిన్నటి గీత పోనే పోదని చాలామంది అన్నారు. పోయింది, ఒక స్తంభాన్ని దాదాపు రాసుకుంటూ.

రెండో ప్రయత్నం మన పద్ధతి. సూర్య సిద్ధాంతంలో దిక్కులు కట్టే విధానం ఉంది: నీటితో సమం చేసిన తలం మీద వృత్తం గీసి, నడుమ శంకువు (నిట్టనిలువు పుల్ల) నిలిపి, దాని నీడ కొన పొద్దున వృత్తంలోకి వచ్చిన చోట, మధ్యాహ్నం తర్వాత బయటికి పోయిన చోట గుర్తులు పెడితే, ఆ రెండూ కలిపిన గీత తూర్పు పడమరలు. శంకువు నీడ బదులు నాకు వెలుగు బిళ్ల ఉంది. పాదం కేంద్రంగా 2 మీటర్ల వృత్తం గీశాను.

అక్టోబరు 20. పదిన్నర నుంచి పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను. బయట ఎండ దంచేస్తోంది, గదిలో బిళ్ల జాడ లేదు. 11:08కు పుట్టింది, 12:36కు మాయమైంది. వృత్తాన్ని తాకనే లేదు. కారణం తెలియడానికి సాయంత్రం దాకా పట్టింది: చట్రం పైన రేకులో చేసిన 50 మి.మీ. రంధ్రం. ఎండ ఏటవాలుగా వచ్చినప్పుడు 45 మి.మీ. ఎత్తులో కిరణం పక్కకు జరుగుతుంది. అది 25 మి.మీ. దాటితే రేకు అంచే సూర్యుణ్ణి మూసేస్తుంది. ఇంకో వారం ఆగి ఉంటే మధ్యాహ్నపు బిళ్ల కూడా పడేది కాదు. డిసెంబరుకు దక్షిణంగా 38 మి.మీ. కావాలి. రంధ్రాన్ని 110 × 70 మి.మీ. పలకగా, ఎక్కువ భాగం దక్షిణానికి ఉండేట్టు కోయించాను.

అక్టోబరు 27. 2.2 మీటర్ల వృత్తంతో మళ్లీ.

1. పొద్దున బిళ్ల కేంద్రం వృత్తాన్ని దాటిన చోట గుర్తు. కేంద్రం కంటికి దొరకదు. తూర్పు, పడమర అంచులు విడివిడిగా గుర్తించి సగం తీసుకోవాలి.
2. మధ్యాహ్నం తర్వాత అలాగే.
3. రెండింటినీ కలిపి, నడిమి బిందువును పాదంతో కలిపితే మధ్యాహ్న రేఖ.

గడియారంతో సరిచూస్తే తేడా 20 సెకన్లు, అంటే 5 మి.మీ. ఆ వారం మరో నాలుగు మధ్యాహ్నాలు చూసి సగటు వేశాను. తెల్ల పెయింటు ఇంకా నేల మీదే ఉంది, చెరగడం లేదు.

ఖర్చు: పెయింటు 90 (వృథా), రేకు కోత 200. మొత్తం రూ. 2,650.

నాలుగో దశ: గచ్చు (నవంబరు 2024)

మేడ మీది నేల వాన నీరు పోవడానికి వాలుగా ఉంటుంది. తెలిసిన సంగతే, తట్టలేదు. పారదర్శకపు పైపులో నీళ్లు పోసి మట్టం చూస్తే దక్షిణపు కొస నుంచి ఉత్తరపు కొసకు 14 మి.మీ. పల్లం. చలికాలంలో దాని వల్ల బిళ్ల దాదాపు 12 మి.మీ. అవతల పడుతుంది. డిగ్రీని అరవై కళలు చేస్తే ఇది ఏడు కళల తప్పు. ఈ పనిలో ఒక్క కళ కోసం కొట్టుకుంటాం.

కడప బండ పట్టీలు వేయాలని నిర్ణయించాను. గీత పొడవు లెక్క: దక్షిణాన 386, ఉత్తరాన 2,667, వెరసి 3,053 మి.మీ. కొట్టువాడు అడుగుల్లో అమ్ముతాడు. పది అడుగులంటే 3,048. ఐదు మిల్లీమీటర్లకు పదకొండో అడుగు ఎందుకని పదే తెచ్చాను. లెక్క వేసింది బిళ్ల కేంద్రానికి. బిళ్లకూ ఒడ్డూ పొడుగూ ఉంటాయి కదా, చలికాలంలో ఉత్తర-దక్షిణంగా అయిదు సెంటీమీటర్లకు పైనే సాగుతుంది. సగం బిళ్ల బండ దాటి గచ్చు మీద పడుతుంది. మళ్లీ వెళ్లి అడుగు ముక్క తెచ్చాను.

మేస్త్రీ సగం రోజు పని. రసమట్టం ఒక్కో బండకు చూసుకుంటూ పోతే చిన్న చిన్న తప్పులు కూడుతూ పోతాయి. మొత్తం పొడవుకు నీళ్ల పైపుతోనే చూడమని పట్టుబట్టాను. ఆయన ముఖం చిట్లించినా చేశాడు. రెండు కొసలకూ తేడా 1 మి.మీ.

బండ, కింద సిమెంటు కలిపి 28 మి.మీ. మందం. అంటే ఎత్తు 3,212 లోంచి 28 పోగా 3,184. పాదాన్ని, గీతను బండ మీదకు ఎక్కించి, కొనదేలిన ఉలితో గాడి గీసి నల్ల రంగు నింపాను. ఈసారి గడియారంతో మూడు రోజులు సరిచూసిన తర్వాతే.

ఖర్చు: బండలు 640, ఆటో 150, సిమెంటు, ఇసుక 120, కూలి 500, అడుగు ముక్క 70. మొత్తం రూ. 4,130. డిసెంబరు మొదట్లో కొన్న స్టీలు టేపు 240. మొత్తం రూ. 4,370.

ఐదో దశ: డిసెంబరు 21

దక్షిణాయనాంతం, అంటే సూర్యుడు దక్షిణపు కొసకు చేరి వెనక్కి తిరిగే రోజు. కొలత: పాదం నుంచి ఉత్తరంగా 2,673 మి.మీ. రావాల్సింది 2,667. ఆరు మిల్లీమీటర్లు ఎక్కువ. బిళ్ల అంచు మసక వల్ల అనుకుని వదిలేశాను. తప్పు చేశాను.

18 నుంచి 24 వరకు రోజూ కొలిచాను. వారం మొత్తంలో బిళ్ల జరిగింది 3 మి.మీ. సూర్యుడు అక్కడ నిలబడిపోయినట్టే ఉంటాడు. ఏ రోజు అయనాంతమో నేల చూసి చెప్పడం నాకు సాధ్యం కాలేదు. పంచాంగాలు, చర్చి క్యాలెండర్లు విషువత్తు చుట్టూ ఎందుకు తిరుగుతాయో ఆ వారం అర్థమైంది. విషువత్తు దగ్గర బిళ్ల రోజుకు 24 మి.మీ. పరిగెడుతుంది.

మామయ్యగారు రోజూ వచ్చి చూసేవారు. 23న అడిగారు:

“అయితే ఉత్తరాయణం వచ్చేసిందంటావా అమ్మాయ్?”

“సూర్యుడు వెనక్కి తిరిగాడండీ. రేపటి నుంచి బిళ్ల ఇటు వస్తుంది.”

“మరి సంక్రాంతి జనవరి 14న కదా.”

“పంచాంగం నక్షత్రాలను బట్టి లెక్క కడుతుందండీ. విషువత్తు నక్షత్రాల మధ్య మెల్లగా వెనక్కి జరుగుతూ ఉంటుంది. ఇప్పటికి 24 డిగ్రీలు జరిగింది.”

“అంటే మనం తప్పు రోజున తలంటు పోసుకుంటున్నామా?”

జవాబు చెప్పడానికి తడుముకున్నాను. దాదాపు పదిహేను, పదిహేడు వందల ఏళ్ల కిందట ఆ రెండూ ఒక్క రోజునే పడేవి. మేఘనాథ్ సాహా అధ్యక్షతన 1952లో వేసిన క్యాలెండర్ సంస్కరణ సంఘం విషువత్తు ఆధారంగా జాతీయ క్యాలెండర్ తయారు చేసింది. 1957 మార్చి 22 నుంచి అది అమల్లో ఉంది. ప్రభుత్వ గెజెట్ మీద ఉంది, మన గోడ మీద లేదు. మామయ్యగారు అంతా విని, “పండగ పండగేలే, నీ గీత నీదే” అని దిగిపోయారు. పోపు గ్రెగరీకి మాత్రం ఇలా వదిలేసే వీలు లేకపోయింది. ఆ సంగతి మార్చిలో.

ఆరో దశ: విషువత్తు (19 – 21 మార్చి 2025)

మూడు రోజులూ తేట ఆకాశం. తమ్ముడు ఫోను పట్టుకుని సెకన్లు చదివాడు, నేను అంచులు గుర్తించాను. మధ్యాహ్నం 12:15 ప్రాంతంలో.

మార్చి 19: 971 మి.మీ.
మార్చి 20: 948
మార్చి 21: 924

సూర్యుడు సరిగ్గా విషువత్తులో ఉంటే బిళ్ల పడాల్సిన చోటు, 3,184 ఎత్తుకు, 944.3. మార్చి 20న ఇంకా 3.7 మి.మీ. దూరం ఉంది. గంటకు ఒక మిల్లీమీటరు చొప్పున 3 గంటల 42 నిమిషాలు. నా విషువత్తు సాయంత్రం 3:57కు. అసలు సమయం 2:31. గంటన్నర తప్పు.

రూ. 4,370కి, రేకుల గదిలో, ఏడాదిలో ఒక క్షణాన్ని గంటన్నర లోపల పట్టుకోవడం. నాకు ఆ రోజు నిద్ర పట్టలేదు.

ఇప్పుడు చర్చి సంగతి. ఈస్టర్ పండుగ వసంత విషువత్తు తర్వాతి పౌర్ణమి దాటిన ఆదివారం రావాలి. క్రీ.శ. 325 నాటి నైసియా మతాధికారుల సభ తర్వాత చర్చి విషువత్తును మార్చి 21గా స్థిరం చేసుకుంది. కానీ అప్పటి జూలియన్ క్యాలెండరు ఏడాది (365 రోజుల ఆరు గంటలు) అసలు ఏడాది కంటే 11 నిమిషాలు ఎక్కువ. 128 ఏళ్లకు ఒక రోజు. పదహారో శతాబ్దానికి విషువత్తు మార్చి 11కు వచ్చేసింది, చర్చి మాత్రం 21నే పట్టుకుని కూర్చుంది. ఉపవాసాలు, పండుగలు అన్నీ దాని వెంటే. డాంటిని రోముకు పిలిపించారు. వాటికన్‌లోని ‘గాలుల గోపురం’లో ఆయన గోడకు కన్నం పెట్టి నేల మీద గీత గీశాడు. విషువత్తు నాడు ఎండ గీత మీద ఎక్కడ పడిందో గ్రెగరీకి అక్కడే చూపించారని చెబుతారు. గ్రెగరీ దిద్దుబాటుతో 1582లో అక్టోబరు 4 గురువారం తర్వాత రోజు అక్టోబరు 15 శుక్రవారం అయింది.

పది రోజులు నా గచ్చు మీద ఎంత? 24 సెం.మీ. చెయ్యి చాచి పెట్టి చూశాను, జానెడు. బొలోనియా నేల మీద మూడున్నర మీటర్ల పైనే. పుస్తకంలో ‘పది రోజులు’ అని చదివినప్పుడు నాకు ఏమీ అనిపించలేదు. బండ మీద జానెడు దూరం చూశాక, ఈ తప్పును చూసీ ఊరుకోవడం ఎవరికైనా కష్టమే అనిపించింది.

ఊరుకున్నవాళ్లూ ఉన్నారు. పోపు చెప్పాడు కాబట్టి ప్రొటెస్టంటు ఇంగ్లండు 1752 వరకు ఒప్పుకోలేదు. హాలండు 1583లోనే మారింది. దీని ఫలితం ఇక్కడికి డెబ్భై కిలోమీటర్ల దూరంలోనే కనిపించేది. 17వ శతాబ్దపు మచిలీపట్నం రేవులో డచ్చివారికీ ఇంగ్లీషువారికీ కొఠీలు ఉండేవి. ఒకే రోజున, ఒకే ఎండలో రాసిన రెండు ఉత్తరాలకు పది రోజుల తేడా తేదీలు. పక్కనే గోల్కొండ సుల్తాను కొలువు హిజ్రీ లెక్క, ఊళ్లో తిథి లెక్క. రేవులో గుమాస్తాలు దీన్నంతా ఎలా నెగ్గుకొచ్చారో ఆలోచిస్తే నా టేపు కష్టాలు చిన్నవే.

ఏడో దశ: మే – జూలై 2025

మే 6. సూర్యుడు నడినెత్తిన. బిళ్ల పాదానికి 2 మి.మీ. దక్షిణంగా పడింది, లెక్క ప్రకారం కూడా అంతే. పాదం, గీత రెండూ నిఖార్సుగా ఉన్నాయని సంతోషించాను. ఈ పరీక్షలో ఉన్న మెలిక అప్పుడు తట్టలేదు: కిరణం నిట్టనిలువుగా పడితే ఎత్తు ఎంతైనా బిళ్ల అక్కడే పడుతుంది. ఎత్తులో తప్పుంటే ఇది పట్టుకోదు.

జూన్ 21. ఉత్తరాయణాంతం. మబ్బుల మధ్య నిమిషంన్నర దొరికింది. దక్షిణంగా 389 మి.మీ.

రెండు అయనాంతాలూ దొరికాయి కాబట్టి సూర్యుడి పరమక్రాంతి, అంటే భూమి అక్షం వంపు, లెక్కకట్టవచ్చు. గాలిలో కిరణం వంగడాన్ని కూడా కలుపుకుంటే చలికాలపు కోణం 40.03 డిగ్రీలు, ఎండాకాలపు కోణం 6.97. కూడి సగం చేస్తే 23 డిగ్రీల 30 కళలు. కస్సీని ఇచ్చిన విలువ 23 డిగ్రీల 29 కళలు! ఇంట్లో అందరికీ చెప్పాను.

చెప్పాక గుర్తొచ్చింది. కస్సీని విలువ 1655కు సరైనది. ఆ వంపు వందేళ్లకు ముప్పావు కళ చొప్పున తగ్గుతోంది, ఇప్పుడు 23 డిగ్రీల 26 కళలు. నాకు వచ్చింది కస్సీని విలువ కాదు, నా తప్పు.

రెండు కొసల్లోనూ బిళ్ల బయటి వైపుకే తప్పింది: ఉత్తరాన 6, దక్షిణాన 3. మట్టం తప్పితే ఒక కొసకే తేడా రావాలి. రెండు వైపులా సాగిందంటే కన్నం నేను అనుకున్న దాని కంటే ఎత్తున ఉంది. స్టీలు టేపు కొన్నది డిసెంబరులో. దానితో నేల మీద అన్నీ కొలిచాను, ఎత్తు మాత్రం ఫైబర్ టేపు నాటి అంకెకే ఉంచేశాను. జూలై 2న నిచ్చెన వేసి కొలిచాను: 3,191. ఏడు మిల్లీమీటర్ల తేడా. వాడి వాడి సాగిన టేపు తక్కువ చూపిస్తుంది.

కొత్త ఎత్తుతో లెక్కలు మళ్లీ:

వంపు: 23 డిగ్రీల 27.5 కళలు. తప్పు కళన్నర లోపు.
అక్షాంశం: 16.51. ఫోను 16.52 అంటుంది.
మార్చి విషువత్తు: మధ్యాహ్నం 1:51. తప్పు 40 నిమిషాలు.

ఎనిమిది నెలలు మోసిన తప్పు పది నిమిషాల్లో పోయింది.

తేలని పని: సూర్యుడి వెడల్పు

కస్సీని గీతకు అసలు పేరు తెచ్చింది క్యాలెండరు కాదు, ఇది. సూర్యుడు జనవరిలో వేగంగా, జూలైలో నెమ్మదిగా కదిలినట్టు కనిపిస్తాడు. వేగమంతా ఒకటేననీ, సూర్యుడు తిరిగే వృత్తపు కేంద్రం భూమికి పక్కగా ఉండడం వల్ల దగ్గరై దూరమై అలా కనిపిస్తాడనీ పాత సిద్ధాంతం. అదే నిజమైతే బిళ్ల వెడల్పు ఏడాదిలో దాదాపు 7 శాతం మారాలి. గ్రహాల దారి దీర్ఘవృత్తమన్న ఖగోళవేత్త కెప్లర్ లెక్కలో తేడాలో సగమే దూరం వల్ల, మిగతా సగం నిజంగానే వేగం మారడం వల్ల. అప్పుడు వెడల్పు 3.4 శాతమే మారాలి. కస్సీని నేల మీద కొలిస్తే కెప్లర్ వైపు తేలింది.

ఇది జరిగింది భూమి తిరుగుతుందన్నందుకు గెలీలియోకు శిక్ష పడిన 22 ఏళ్లకు, పోపు ఏలుబడిలో ఉన్న ఊరి చర్చిలో. కొలతల్లో పాల్గొన్న రిచ్చోలి జెస్యూట్ పూజారి. 1651లో తన పెద్ద గ్రంథంలో భూమి కదులుతుందనే వాదాలు 49, కదలదనే వాదాలు 77 లెక్కపెట్టి, కదలదనే తేల్చినవాడు. అయినా ఎవరికీ చిక్కు రాలేదు, ఎందుకంటే నేల మీది బిళ్ల ఎవరు కదులుతున్నారో చెప్పదు. సూర్యుడు దీర్ఘవృత్తంలో తిరిగినా భూమి తిరిగినా వెడల్పు ఒకేలా మారుతుంది. చర్చి శాస్త్రాన్ని అణిచిందనేవారికీ, పోషించిందనేవారికీ ఈ గీత ఇబ్బందే: డబ్బు, గోడ, నేల ఇచ్చిందీ ఆ చర్చే, భూమే సూర్యుడి చుట్టూ తిరుగుతుందన్న కోపర్నికస్ పుస్తకాన్ని 1835 దాకా నిషిద్ధ జాబితాల్లో ఉంచిందీ ఆ చర్చే. నాకు ఇందులో నచ్చేది కస్సీని ఒడుపు. ఎంతవరకు అడగవచ్చో అంతవరకే నేలను అడిగాడు.

నా కొలత:

జనవరి 4: తూర్పు-పడమర వెడల్పు 42 మి.మీ. కన్నం 3 తీసేస్తే 39. కిరణం పొడవు 4,119.
జూలై 6 (1 నుంచి 5 వరకు ముసురు): 33. తీసేస్తే 30. కిరణం పొడవు 3,209.

పొడవుతో భాగిస్తే తేడా 1.3 శాతం. అంచు గుర్తించడంలో ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అయితే అదే 3 శాతం. అంటే నా గది కెప్లర్‌నూ కాదనలేదు, పాతవాళ్లనూ కాదనలేదు. సాన్ పెట్రోనియోలో ఎండాకాలపు బిళ్లే పాతిక సెంటీమీటర్లకు పైన ఉంటుంది, ఒక శాతమంటే రెండున్నర మిల్లీమీటర్లు. ఈ పని చేయాలనుకునేవారికి కనీసం మూడంతస్తుల మెట్ల గది కావాలి. రేకుల గదిలో ప్రయత్నించకండి.

మిగిలినవి

1. ఆగస్టు 7న సూర్యుడు తిరిగి నడినెత్తికి వస్తాడు. మబ్బు లేకపోతే పాదం మళ్లీ చూడాలి.
2. సెప్టెంబరు 22, 23: పోయిన ఏడాది వరదకు పోయిన విషువత్తు. ఈసారి 3,191తో.
3. తెల్ల పెయింటు గీత. థిన్నరుతో రుద్దినా పోలేదు. మామయ్యగారు దాన్ని ‘దిక్సూచి వీధి’ అంటున్నారు.